స్కై ద్వీపంలో ఒక రోజు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాట్లండు వెళ్ళి వచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండి అని కార్యదర్శిగారు అడిగారు. మా అమ్మాయి, అల్లుడు గ్లాస్గోలో ఉంటున్నారు. నేనూ మా ఇంటావిడా అక్కడ రెండు నెలలున్నాం. చూసినవన్నీ ఏకరువు పెడితే భోజనాల వేళ దాటిపోతుంది. అందుచేత ఒక్క ద్వీపం గురించి, అక్కడ గడిపిన ఒక్క పగలు గురించి మాత్రమే మనవి చేస్తాను.

ఆ ద్వీపం పేరు స్కై. స్కాట్లండుకు పడమటి సముద్రంలో ఉంది. ఆ దేశపు ద్వీపాలలో రెండవ పెద్దది. విస్తీర్ణం సుమారు 1,650 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం పదివేల పైచిలుకు మాత్రమే. అంటే మన వైపు ఒక పెద్ద మేజరు పంచాయతీలో ఉండే జనాభా ఒక చిన్న జిల్లా అంత నేలలో పరచుకుని ఉన్నదన్నమాట. పూర్వం పడవ మీద దాటేవారు. 1995లో వంతెన వచ్చింది. దాని మీద వసూలు చేసే టోలుకు వ్యతిరేకంగా స్థానికులు ఏళ్ళ తరబడి ఆందోళన చేయగా 2004లో దానిని ఎత్తివేశారు. ఆ జనం ఎటువంటివారో ఈ ఒక్క సంగతి వల్లే కొంత తెలుస్తుంది.

ద్వీపానికి ముఖ్య పట్టణం పోర్ట్రీ. చిన్న రేవు, రేవు ఒడ్డున రంగురంగుల ఇళ్ళు. రెండు రాత్రులు అక్కడ బస చేశాం. జూన్ నెల. రాత్రి పది గంటలకు కూడా చీకటి పడదు. మరునాడు ఉదయం తొమ్మిదింటికి పదహారు సీట్ల చిన్న బస్సు వచ్చింది. డ్రైవరుగారే గైడు. యాభై దాటిన మనిషి, అక్కడే పుట్టి పెరిగినవాడు. మొత్తం ప్రయాణం సుమారు నూరు మైళ్ళు. చాలాచోట్ల రోడ్డు ఒక్క బండి పట్టేంతే. ఎదురుగా బండి వస్తే పక్కనున్న మలుపు జాగాలో ఆగి దారి ఇవ్వాలి. దారి ఇచ్చినవారికి చెయ్యి ఎత్తి కృతజ్ఞత తెలపడం అక్కడి మర్యాద. రోజంతా మా డ్రైవరుగారి చెయ్యి పైకి లేస్తూనే ఉంది.

మొదట ఉత్తరంగా ట్రాటర్నిష్ అనే ద్వీపకల్పం చుట్టూ తిరిగాం. పోర్ట్రీ దాటిన కొద్దిసేపటికే ఎడమ చేతివైపు కొండవాలు మీద ఒక రాతి స్తంభం కనబడుతుంది. ఎత్తు యాభై మీటర్ల వరకు ఉంటుంది. దానిని ‘ఓల్డ్ మాన్ ఆఫ్ స్టార్’ అంటారు. స్టార్ కొండ ముసలాయన అనుకోండి. ఎండకూ వానకూ చలించకుండా నిలబడి ఉన్నాడు. మన సంఘంలో సభ్యత్వానికి అన్ని విధాలా అర్హుడు. దగ్గరకు పోవాలంటే ఏటవాలు కాలిబాట ఎక్కాలి. మా మోకాళ్ళు అందుకు అనుమతి మంజూరు చేయలేదు గనుక కింది నుంచే దర్శించుకున్నాం.

ఆ కొండలన్నీ సుమారు ఆరు కోట్ల ఏళ్ళ కిందట భూగర్భం నుంచి ఉబికిన లావా గడ్డకట్టగా ఏర్పడినవి. మన దక్కను నల్లరాయీ, రాజమండ్రి దగ్గర కాతేరు ప్రాంతపు నల్లరాయీ అలా పుట్టినవే. అవి మరికాస్త ప్రాచీనమైనవి. స్కైలో ఈ బరువైన రాయి కింద మెత్తని పొరలున్నాయి. అవి బరువు మోయలేక జారిపోవడం వల్ల కొండలు విరిగి స్తంభాలుగా, గోడలుగా నిలబడ్డాయి. కొంత ముందుకు పోతే కిల్ట్ రాక్ అనే సముద్రపు కొమ్ము వస్తుంది. నిలువు చారల రాయి, అచ్చంగా పంచె కుచ్చిళ్ళు పెట్టినట్టు ఉంటుంది. దాని పక్కనే మీల్ట్ జలపాతం సుమారు 55 మీటర్ల ఎత్తు నుంచి తిన్నగా సముద్రంలో దూకుతుంది. ఆ తరవాత క్విరాంగ్ కొండలు. అక్కడ నేల ఇప్పటికీ కొద్దికొద్దిగా జారుతూనే ఉంది. ఫ్లోడిగరీ అనే చోట రోడ్డుకు ఏటా మరమ్మతులు చేయవలసిందేనట. ఇంజనీరింగు శాఖలో పనిచేసిన మన మిత్రులకు ఇది బాగా అర్థమవుతుంది.

ఉత్తరపు కొనలో కిల్‌మ్యూర్ అనే ఊళ్ళో పాతకాలపు పూరిళ్ళు కొన్నింటిని మ్యూజియంగా కాపాడుతున్నారు. చేతివెడల్పుకు మించిన మందపు రాతి గోడలు, పైన గడ్డి కప్పు. గాలికి కప్పు ఎగిరిపోకుండా తాళ్ళు కట్టి, వాటి కొసలకు రాళ్ళు వేలాడదీశారు. లోపల పొయ్యి, పెట్టెలాంటి మంచం, మజ్జిగ చిలికే కవ్వం. కట్టెలు దొరకని చోటు గనుక బీడు నేలలోని తడి మట్టిని గడ్డలుగా కోసి ఎండబెట్టి వంటచెరకుగా వాడేవారు. మా ఇంటావిడ ఆ కవ్వం చూసి, “మా అమ్మమ్మగారింట్లో కూడా ఇటువంటిదే ఉండేది” అన్నది.

అక్కడి నుంచి సముద్రం మీదుగా చూస్తే పడమట నీలంగా మరొక ద్వీపం కనబడుతుంది. అది లూయిస్, హారిస్ ద్వీపం. ఆ లూయిస్‌లోని స్టోర్నవే పట్టణంలో పుట్టినవాడే కల్నల్ కాలిన్ మెకంజీ. ఏలూరుకు చెందిన కావలి సోదరుల సాయంతో మన పల్లెల చరిత్రలు రాయించిన మహానుభావుడు. గ్రామ కైఫీయతులు చూసిన రెవెన్యూవారెవరికైనా ఆ పేరు పరిచయమే. ఊరి సంగతి ఊళ్ళోవాళ్ళను అడిగి రాయించాలన్నది ఆయన పద్ధతి. ఈ మాట దయచేసి జ్ఞాపకం ఉంచుకోండి; మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

ఊయిగ్ రేవు దగ్గర బల్ల మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న పులిహోర తిన్నాం. తింటూ చుట్టూ చూస్తుంటే ఉదయం నుంచి కంటికి తగులుతున్న విషయం ఒకటి మళ్ళీ ఎదురైంది. కొండవాలులన్నీ పచ్చిక. అంతటా గొర్రెలు. కాని ఆ పచ్చిక కింద నేల చాళ్ళు చాళ్ళుగా, గట్లు గట్లుగా ఉంది. అక్కడక్కడ మోకాలెత్తు రాతి గోడల మొండి పునాదులు. నేను తాలూకా కచేరీలోనూ, ఆ తరవాత మండల కార్యాలయంలోనూ గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. పూర్వం సాగులో ఉండి బీడు పడిన నేల ఎలా ఉంటుందో చూసిన కన్ను ఇది. డ్రైవరుగారిని అడిగాను, “ఇక్కడ మనుషులుండేవారా?” అని. “ఉండేవారు. గొర్రెలకు చోటు కావలసి వచ్చింది” అన్నాడాయన. తరవాత దారి పొడుగునా ఆ కథే చెప్పాడు. అది విన్నాక, గ్లాస్గో తిరిగి వచ్చి గ్రంథాలయంలో చదివినదీ కలిపి మీకు చెబుతున్నాను.

ఆ ప్రాంతాలలో పూర్వం ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క నాయకుడు ఉండేవాడు. యుద్ధానికి మనుషులు కావాలి గనుక నాయకుడికి జనమే బలం. 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడిన తరవాత ఆ పాత వ్యవస్థ కూలిపోయింది. నాయకుడు భూస్వామి అయ్యాడు. అతనికి మనుషుల కన్నా శిస్తు ముఖ్యమైంది. కొంతకాలం సముద్రపు నాచును కాల్చి సబ్బుకూ గాజుకూ పనికివచ్చే బూడిద తీసే పని జనానికి కూడు పెట్టింది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక దాని ధర పడిపోయింది. 1846లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి తిండి కరువైంది. రైతుల కన్నా గొర్రెల వ్యాపారి ఎక్కువ కౌలు ఇస్తాడు. పట్టా లేని రైతుకు హక్కు ఏముంది? నోటీసు ఇచ్చి ఖాళీ చేయించారు. 1853లో బోరరైగ్, సుయిష్నిష్ అనే రెండు పల్లెలను అలాగే ఖాళీ చేయించారు. సుయిష్నిష్ జనం ముసలీ ముతకా పిల్లా జెల్లా వరుసగా ఏడుస్తూ కొండదారిన పోవడం గీకీ అనే భూగర్భ శాస్త్రవేత్త కళ్ళారా చూసి తన జ్ఞాపకాలలో రాసిపెట్టాడు. 1841లో స్కై జనాభా సుమారు 23 వేలు. ఇప్పుడున్నది అందులో సగం కూడా కాదు. మనం ఫోటోలు తీసుకుని మురిసిపోయే ఆ ప్రశాంతతలో కొంత భాగం దేవుడిచ్చినది, కొంత భాగం కచేరీ నోటీసు ఇచ్చినది.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. ఆకలితో ఉన్న ఆ జనాన్ని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపడానికి 1852లో ఒక సంఘం ఏర్పడింది. దాని ద్వారా స్కై నుంచీ చుట్టుపక్కల నుంచీ దాదాపు ఐదువేల మంది వెళ్ళారు. ఆ సంఘానికి అధ్యక్షుడు సర్ చార్లెస్ ట్రెవెల్యన్. ఈయన ఎవరనుకున్నారు? ఉద్యోగాలు సిఫార్సుల మీద కాక పోటీ పరీక్షల మీద ఇవ్వాలని 1854లో నార్త్‌కోట్‌తో కలిసి నివేదిక రాసినవాడు. మనం రాసిన సర్వీసు కమిషను పరీక్షలకు మూలపురుషులలో ఒకడన్నమాట. 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చాడు. అప్పుడు మన సర్కారు, సీమ జిల్లాలన్నీ ఆ రాజధాని కిందివే. కొత్తగా వేయబోయే ఆదాయపు పన్నును బాహాటంగా వ్యతిరేకించినందుకు 1860లో ఆయనను వెనక్కి పిలిపించారు. ఈ మాట విన్నాక మనలో కొందరు ఆయన పటానికి దండ వేయాలనుకుంటే నేను ఆశ్చర్యపోను. దక్షుడు, నిజాయతీపరుడు. అయినా స్కై విషయంలో ఆయనకు లండన్ కార్యాలయంలోని లెక్క ఒక్కటే కనబడింది. ఇంత నేల, ఇంత తిండి, ఇంతమంది ఎక్కువ. ఎక్కువైనవారిని ఓడ ఎక్కించడమే పరిష్కారం అనుకున్నాడు. తిండిలేక తామే వెళ్తామన్నవారూ ఉన్నారు, కాదనను. కాని ఆ నేల మీద మీకు హక్కు ఉందా, మీరేమంటారు అని అడిగే కాలం ఇంకా రాలేదు.

మధ్యాహ్నం డన్‌వేగన్ కోట చూశాం. మెక్లియడ్ వంశంవారు సుమారు ఎనిమిది వందల ఏళ్ళుగా నివసిస్తున్న కోట. లోపల ‘దేవకన్యల జెండా’ అని పాత పట్టు పేలిక ఒకటి అద్దాల చట్రంలో ఉంది. యుద్ధంలో దానిని విప్పితే విజయం తథ్యమని వారి నమ్మకం. నాకు దానికన్నా ఆ వంశపు 25వ నాయకుడు నార్మన్ మెక్లియడ్ కథ నచ్చింది. బంగాళాదుంపల కరువులో ఆయన తన కౌలుదార్లకు తిండి పెట్టడానికి ఉన్నదంతా ఖర్చుచేసి దివాలా తీశాడు. కోట విడిచి లండన్ పోయి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. గుమాస్తాలలో ఇటువంటి రాజులు కూడా ఉన్నారని మనవి.

అక్కడి నుంచి దక్షిణంగా వస్తే కూలిన్ పర్వతాలు. నల్లని రాయి, రంపపు పళ్ళలాంటి శిఖరాలు. అన్నిటికన్నా ఎత్తైన స్గూర్ అలస్టేర్ 992 మీటర్లు. 1873లో దానిని మొదట ఎక్కిన అలెగ్జాండర్ నికల్సన్ అనే ఆ ద్వీపవాసి పేరే దానికి పెట్టారు. ఆయన వృత్తిరీత్యా న్యాయాధికారి. స్లిగాహన్ పాత రాతి వంతెన దగ్గర కాసేపు ఆగాం. ఆ ఏటి నీటిలో ఏడు సెకన్లు మొహం ముంచితే శాశ్వత సౌందర్యం వస్తుందని చెప్పుకుంటారు. బస్సులోని పడుచువాళ్ళు ముంచారు. మా ఈడుకు ఆ అవసరం తీరిపోయిందని మేం ఒడ్డునే ఉన్నాం.

పోర్ట్రీ ఇంక కొద్ది మైళ్ళున్నదనగా, సాధారణంగా యాత్రికుల బస్సులు పోని ఒక పక్కదారి ఉంది. మేము అడిగినమీదట, మిగతావారూ ఒప్పుకోగా, డ్రైవరుగారు బస్సు అటు తిప్పారు. ఆ చోటు పేరు బ్రేస్. సముద్రానికి ఎదురుగా కొండవాలున ఇళ్ళు, రోడ్డు పక్కన ఒక రాతి స్మారకం. వెనుక బెన్ లీ అనే కొండ. ఆ కొండ మీద పశువులు మేపుకొనే హక్కు తమదని బ్రేస్ రైతులంటారు. భూస్వామి 1865లో దానిని వేరొకరికి కౌలుకిచ్చాడు. హక్కు తిరిగి ఇచ్చేదాకా శిస్తు కట్టమని 1881లో రైతులు నిలబెట్టేశారు. 1882 ఏప్రిల్‌లో ఖాళీ చేయాలని నోటీసులు తెచ్చిన అమీనా చేతి కాగితాలను దారిలోనే తగలబెట్టారు. ఏప్రిల్ 19న గ్లాస్గో నుంచి తెప్పించిన సుమారు యాభైమంది పోలీసులు తెల్లవారుజామున వానలో వచ్చి ఐదుగురిని పట్టుకుపోయారు. ఆడవాళ్ళు సైతం కొండ మీద నుంచి రాళ్ళు రువ్వారు. పత్రికలన్నీ ఆ వార్త రాశాయి. గ్లెన్‌డేల్ అనే మరో చోట కూడా అలజడి రేగి, 1883లో యుద్ధనౌక పంపవలసి వచ్చింది.

అప్పుడు ప్రభుత్వం చిన్నకారు రైతుల స్థితిగతుల మీద ఒక రాయల్ కమిషను వేసింది. ఆ రైతులను అక్కడ క్రాఫ్టర్లు అంటారు. కమిషను అధ్యక్షుడు లార్డ్ నేపియర్. ఈయనా మనకు పరాయివాడు కాడు. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు. వచ్చీరాగానే గంజాం కరువును ఎదుర్కొన్నవాడు. మద్రాసులో మెరీనా దగ్గరి నేపియర్ వంతెన ఆయన పేరుదే. కూలిన్ శిఖరం ఎక్కిన నికల్సన్ కూడా ఈ కమిషనులో సభ్యుడు. రైతుల గేలిక్ భాష తెలిసినవాడు.

కమిషను లండన్‌లో కూర్చుని అర్జీలు తెప్పించుకోలేదు. 1883 మే 8న మొదటి విచారణ ఆ బ్రేస్‌లోనే జరిపింది. మొట్టమొదటి సాక్షి ఆంగస్ స్టూవర్ట్ అనే రైతు. ఏమి కష్టమో చెప్పమంటే, ముందుగా ఒక హామీ కావాలన్నాడు. నిజం చెప్పినందుకు తనను నేల మీద నుంచి వెళ్ళగొట్టకూడదని. కమిషనువారు అక్కడే ఉన్న భూస్వామి ఏజెంటును అడిగారు. ఆయన సరేనన్న తరవాతే సాక్షి నోరు విప్పాడు. సోదరులారా, వాంగ్మూలాలు రాసిన చేతులు ఈ సభలో చాలా ఉన్నాయి. బల్లకు అవతల నిలబడి చెప్పాలా వద్దా అని తడబడే మనిషి మొహం మనందరికీ తెలుసు. ఆ భయం కూడా రికార్డులోకి ఎక్కింది. కమిషను ఊరూరా తిరిగి వందలాది మంది మాటలు ప్రశ్న, జవాబు వరుసలో రాసుకుని 1884లో నివేదిక ఇచ్చింది.

ఫలితంగా 1886లో క్రాఫ్టర్ల చట్టం వచ్చింది. న్యాయమైన శిస్తు కడుతున్నంతకాలం రైతును కదిలించరాదు. ఆ హక్కు వారసులకు వస్తుంది. శిస్తు ఎంతన్నది ఒక కమిషను నిర్ణయిస్తుంది. రైతు తన ఖర్చుతో చేసిన అభివృద్ధికి పరిహారం ఉంటుంది. పోయిన పల్లెలు తిరిగి రాలేదు, ఓడలెక్కినవారు తిరిగి రాలేదు. కాని ఉన్నవారు నిలబడ్డారు. మన జమీందారీ రైతులకు 1908 మద్రాసు ఎస్టేట్స్ లాండ్ చట్టం ఇచ్చిన రక్షణ ఇటువంటిదే. మా డ్రైవరుగారి కుటుంబానిది కూడా క్రాఫ్టే. “మా ముత్తాత పొలంలోనే ఇప్పటికీ గొర్రెలు మేపుతున్నాం” అని ఆయన బ్రేస్ స్మారకం దగ్గర చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆ చట్టమే కారణం.

వెళ్ళదలచినవారికి నాలుగు సూచనలు. వేసవిలో బస దొరకడం కష్టం, నెలల ముందుగా ఏర్పాటు చేసుకోండి. ఎండ ఉన్నా వాన కోటు, ఉన్ని టోపీ తీసుకుపోండి. గంటలో నాలుగు ఋతువులు మారతాయి. జూన్ నుంచి సన్నని కుట్టే పురుగులుంటాయి, ఒంటికి రాసుకునే మందు అక్కడి దుకాణాలలో దొరుకుతుంది. శాకాహారులకు కూరగాయల సూపు, రొట్టె దొరుకుతాయి గాని, మన డబ్బా మన దగ్గర ఉండడం మంచిది. మాత్రలు చేతిసంచీలోనే పెట్టుకోండి. దారి చూపే బోర్డుల మీద గేలిక్, ఇంగ్లీషు రెండూ ఉంటాయి. పిల్లలకు గేలిక్‌లో పాఠాలు చెప్పే బడులూ ఉన్నాయి. మనవలను వెంట తీసుకువెళ్ళేవారు ఆ బోర్డులు వాళ్ళకు చూపించండి.

చివరగా ఒక్క మాట. మద్రాసు గద్దె మీద కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు స్కై ద్వీపం కాగితాలు పట్టుకున్నారు. ఇద్దరూ సమర్థులే. ఒకరి కాగితంలో జనం అంకెలయ్యారు. మరొకరి కాగితంలో ఆంగస్ స్టూవర్ట్ అనే పేరు, అతని ఊరు, అతని భయం, అతని మాట ఉన్నాయి. మెకంజీ కైఫీయతుల పద్ధతీ అదే. మనం చిన్న ఉద్యోగులం. చట్టాలు చేసినవాళ్ళం కాదు. కాని అర్జీదారుణ్ణి కూర్చోబెట్టి, అతని మాట అతను చెప్పినట్టు రాయడం మన చేతిలోని పనే. ఇక్కడున్న కుటుంబాలలోని పిల్లలు కొందరు ఇప్పుడు ప్రభుత్వోద్యోగాలలో ఉన్నారు. కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చింది, మంచిదే. బల్లకు అవతల మనిషి మాత్రం ఆ మనిషే. అతని మాట పూర్తిగా విని రాయండి నాయనా అని వారికి నా మనవి.